ఈస్ట్ ఆయుష్షు కొలవడం ఎలా? ఆ లెక్క నాన్నగారి మాత్రలకు పనికొస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి 63 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈమధ్య వీడియోలు చూసి, వయసు మీదపడకుండా ఎన్‌ఎమ్‌ఎన్ అనే సప్లిమెంట్ క్యాప్సూల్స్ తెప్పించుకుంటానంటున్నారు. విజయవాడలో ఆయన స్నేహితుడొకరు రాపమైసిన్ కూడా మంచిదన్నారట. "మెట్‌ఫార్మిన్ ఎలాగూ ఆయుష్షు పెంచేదేనట, దాంతోపాటు ఇవీ వేసుకుంటే తప్పేంటి" అంటున్నారు. నాకు ప్రాజెక్టు చేయాల్సి ఉంది. ఈస్ట్ పెంచి, అందులో మెట్‌ఫార్మిన్ మాత్ర పొడి కలిపి, ఎక్కువ రోజులు బతుకుతుందేమో చూద్దామనుకుంటున్నాను. కాలేజీలో ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, షేకర్, కలరీమీటర్, మైక్రోస్కోపు ఉన్నాయి. ఎలా చేయాలి? ఆ ఫలితం చూపించి నాన్నగారికి నచ్చజెప్పవచ్చా?
— ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: ముందు నాన్నగారి సంగతి చూద్దాం. ప్రాజెక్టు ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు, ఇది అలా వదిలేసేది కాదు. రాపమైసిన్ స్నేహితుల మాట మీద వేసుకునే మందు కాదు. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు అది. వాడేవాళ్లకు రక్తంలో దాని మోతాదు ఎంతుందో పరీక్షలు చేస్తూ ఇస్తారు. నోట్లో పుండ్లు, గాయాలు త్వరగా మానకపోవడం, కొలెస్ట్రాల్ పెరగడం, ఇన్‌ఫెక్షన్లు దానితో వచ్చే ఇబ్బందులు. రక్తంలో చక్కెరనూ పెంచగలదు. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషిని వద్దనడానికి ఆ ఒక్క కారణం చాలు.

అయితే ఆ మందు పేరు ఊరికే పైకి రాలేదు, ఆ మాట కూడా నాన్నగారికి నిజాయితీగా చెప్పండి. ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థం అది. 2009లో అమెరికాలో మూడు ప్రయోగశాలలు ఒకే పద్ధతి పెట్టుకుని, విడివిడిగా ఎలుకల మీద పరీక్షించాయి. 600 రోజుల వయసు వచ్చాక, అంటే ఎలుకకు వయసు మళ్లాక మొదలుపెట్టినా ఆయుష్షు పెరిగింది. వందలో తొంభై ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం వెనక్కు జరిగింది. మూడు చోట్లా అదే దిశలో వచ్చింది కాబట్టి గట్టి ఫలితమే. అదే కార్యక్రమంలో ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌ను పరీక్షిస్తే ఆయుష్షు పెరగలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కదాన్నే ఇచ్చినప్పుడూ చెప్పుకోదగ్గ పెరుగుదల రాలేదు. ఎన్‌ఎమ్‌ఎన్ విషయానికొస్తే, అది మనుషుల రక్తంలో, కణాలు శక్తి తయారుచేసుకోవడానికి వాడుకునే ఎన్‌ఏడీ అనే పదార్థం స్థాయిని పెంచుతుందని చూపించారు. స్థాయి పెరిగినవాళ్లు ఎక్కువ కాలం బతికారని మాత్రం ఎవరూ చూపించలేదు. రక్తంలో ఒక అంకె మారడం వేరు, మనిషి బతికే ఏళ్లు మారడం వేరు.

మెట్‌ఫార్మిన్ మానొద్దు. అది ఆయన షుగర్‌కు పనిచేస్తున్న మందు. దాన్ని ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి ఆ పరీక్ష ఈమధ్య చేయించకపోతే డాక్టరుగారిని అడగండి. రక్తంలో క్రియాటినిన్ చూసి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయన్న అంకె, లెక్కకడతారు. అది 45 కంటే తగ్గితే మోతాదు గురించి మళ్లీ ఆలోచిస్తారు, 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చాలామంది వదిలేస్తారు. కిడ్నీ దెబ్బతినడం మొదలైందని క్రియాటినిన్ కంటే ముందే చెప్పగలిగేది అదే. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపిస్తుంది, ఎందుకంటే ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజుల చక్కెర దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుని ఉంటుంది. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు, అందుకే హిమోగ్లోబిన్‌తో కలిపి చదవాలి. ఇంట్లో బీపీ చూసేటప్పుడు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. అంతకు అరగంట ముందు కాఫీ గానీ సిగరెట్ గానీ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసిపెట్టండి. ఇక ఆవకాయ, గోంగూర పచ్చడి పూర్తిగా మానేయమంటే ఏ గుంటూరు ఇంట్లోనూ జరగదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్న లెక్కలో పచ్చడిని కూడా కలుపుకోమనండి, అన్నంలో వేసుకునే పచ్చడి ముద్ద దానంతటదే చిన్నదవుతుంది. బీపీ, షుగర్, కిడ్నీ, కొలెస్ట్రాల్: 63 ఏళ్ల మధుమేహికి ఏళ్లు కలిపేవని మనుషుల మీద రుజువైనవి వీటి అదుపే. ఎన్‌ఎమ్‌ఎన్‌కు పెట్టే డబ్బు ఈ పరీక్షలకు పెడితే ఎంతో మేలు.

ఇప్పుడు ప్రాజెక్టు. మీ ప్రశ్న మంచిదే, ఎంచుకున్న జీవికీ మందుకూ మాత్రం పొంతన కుదరదు. మెట్‌ఫార్మిన్ కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అనే భాగం మీద పనిచేస్తుందని చాలాకాలంగా అనుకుంటున్నారు. బేకరీ ఈస్ట్‌కు, అంటే శాకరోమైసిస్ సెరివిసియేకు, ఆ కాంప్లెక్స్ 1 లేనే లేదు. దాని పని వేరే చిన్న ఎంజైమ్ చూసుకుంటుంది. లివరూ ఇన్సులినూ లేవని వేరే చెప్పక్కర్లేదు. పైగా మాత్రలో మందు ఒక్కటే ఉండదు. గట్టిపడటానికి కలిపే పొళ్లు ఉంటాయి. నెమ్మదిగా కరిగే రకమైతే నీళ్లలో వేయగానే జిగురులా ఉబ్బుతుంది. తేడా వచ్చినా అది మందు వల్లో ఆ పొళ్ల వల్లో చెప్పలేరు.

అందుకని ఇదే పరికరాలతో జవాబు దొరికే ప్రశ్న పెట్టుకోండి: తిండి తగ్గిస్తే ఈస్ట్ ఎక్కువ కాలం బతుకుతుందా? 1935లో కార్నెల్‌లో క్లైవ్ మెకే ఎలుకల మీద అడిగిన ప్రశ్న ఇదే. ఆయన ఎలుకలు తక్కువ తిని ఎక్కువ కాలం బతికాయి. ఈస్ట్‌ను చిన్నచూపు చూడకండి. రాపమైసిన్ కణంలో ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటుందో 1991లో మొదట తెలిసింది బేకరీ ఈస్ట్‌లోనే. ఆ తర్వాతే మనుషుల్లో దాని జోడీ దొరికింది.

ఈస్ట్‌కు ఆయుష్షు రెండు రకాలుగా కొలుస్తారు. ఒక తల్లికణం ఎన్ని పిల్లకణాలను కంటుందన్నది మొదటిది. మార్టిమర్, జాన్‌స్టన్ 1959లో లెక్కపెట్టింది అదే, మామూలుగా ఇరవై పైచిలుకు. దానికి మైక్రోస్కోపు కింద ఒక్కో పిల్లకణాన్ని సూదితో పక్కకు తీయాలి, ఆ పరికరం మీ దగ్గర లేదు. రెండోది, తిండి అయిపోయి విభజన ఆగిన కణం ఎన్ని రోజులు ప్రాణంతో ఉంటుందన్నది. మీరు చేయగలిగేది ఇది.

ఈస్ట్‌ను సూక్ష్మజీవులను భద్రపరిచి పంపే కేంద్రాలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో పుణెలోని ఎన్‌సీఐఎమ్ నుంచో కాలేజీ పేరు మీద తెప్పించండి. రాసేటప్పుడు అమైనో ఆమ్లాలు బయటి నుంచి అక్కర్లేని రకం కావాలని అడగండి. కిరాణా కొట్లో దొరికే డ్రై ఈస్ట్ ప్యాకెట్ సాధనకు పనికొస్తుంది, అసలు ప్రయోగానికి వద్దు. అందులో బ్యాక్టీరియా కూడా ఉండవచ్చు, ఏ రకమో పేరు రాయలేరు.

మీడియం రెండు రకాలు కావాలి. ఈస్ట్ వయసు మీరేది ఒకదానిలో, బతికినవాటిని లెక్కపెట్టేది మరొకదానిలో. మొదటిదానికి లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు ఈస్ట్ నైట్రోజన్ బేస్, అమోనియం సల్ఫేట్ కలిసి ఉన్నది, 6.7 గ్రాములు. గ్లూకోజ్ ఒక వరసకు 20 గ్రాములు, అంటే 2 శాతం. రెండో వరసకు 5 గ్రాములు, అర శాతం. ఇక్కడే ఒక చిక్కుంది. చక్కెర తగ్గిస్తే ద్రావణం చిక్కదనం కూడా తగ్గుతుంది, కణం మీద నీటి ఒత్తిడి మారుతుంది. ఆ తేడా పోవడానికి అర శాతం వరసలో లీటరుకు 15 గ్రాముల సార్బిటాల్ కలపండి. సార్బిటాల్ బరువు గ్లూకోజ్‌కు దాదాపు సమానం, ఈ ఈస్ట్ దాన్ని తిండిగా పెద్దగా వాడుకోలేదు. లెక్కపెట్టే ప్లేట్లకు వైపీడీ అగార్ కావాలి. లీటరుకు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10, పెప్టోన్ 20, గ్లూకోజ్ 20, అగార్ 20 గ్రాములు. ప్లేటుకు 20 మి.లీ. చొప్పున లీటరుకు యాభై ప్లేట్లు వస్తాయి. కుళాయి నీళ్లు ఎక్కడా వాడొద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది.

ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నుంచి 20 నిమిషాలు. గ్లూకోజ్‌ను 40 శాతం ద్రావణంగా విడిగా ఆటోక్లేవ్ చేసి, రెండూ చల్లారాక శుభ్రంగా కలపండి. అన్నీ కలిపి ఉడికిస్తే చక్కెర నైట్రోజన్ పదార్థాలతో కలిసి గోధుమరంగు తిరుగుతుంది. 20 గ్రాముల సీసా 5 గ్రాముల సీసా కంటే ఎక్కువ రంగు తిరుగుతుంది. మీరు అనుకోని రెండో తేడా అలా లోపలికి వస్తుంది.

ఫ్లాస్కులు 250 మి.లీ.వి, ఒక్కోదానిలో 50 మి.లీ. మాత్రమే. మిగతా చోటు గాలికి. దూది బిరడా, పైన వదులుగా అల్యూమినియం ఫాయిల్. ఒక్కో వరసకు మూడు ఫ్లాస్కులు, మొత్తం ఆరు. ఈస్ట్ లేని మీడియంతో ఏడో ఫ్లాస్కు ఒకటి పెట్టండి. అది మబ్బుగా మారితే మీ చేతిలో శుభ్రత తప్పిందని వెంటనే తెలుస్తుంది. మూడు ఫ్లాస్కులనూ మూడు వేర్వేరు కాలనీల నుంచి మొదలుపెట్టాలి. ఒకే ఫ్లాస్కు నుంచి మూడు ప్లేట్లు పోసి "మూడుసార్లు చేశాం" అని రాసే ప్రాజెక్టులు చాలా ఉంటాయి. అవి పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతాయి గానీ ఈస్ట్ గురించి ఏమీ చెప్పవు.

షేకర్ నిమిషానికి 180 నుంచి 200 చుట్లు, 30 డిగ్రీలు. గుంటూరులో అందరూ పొరబడేది ఈ 30 డిగ్రీల దగ్గరే. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లార్చడం తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో గది 40 దగ్గర ఉంటే డయల్ 30 మీద పెట్టినా లోపల 40 ఉంటుంది. ఆ వేడికి ఈస్ట్ వయసుతో కాక వడదెబ్బతో చస్తుంది. చల్లార్చే బీవోడీ ఇంక్యుబేటర్ లేకపోతే ఈ ప్రయోగం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. లోపల విడిగా ఒక థర్మామీటర్ ఉంచి రోజూ రెండుపూటలా రాయండి. కరెంటు పోయి షేకర్ ఆగితే ఎంతసేపు ఆగిందో కూడా రాయండి. కణాలు అడుక్కి చేరి గాలి అందక, ఆరు ఫ్లాస్కులూ ఒకేలా దెబ్బతినవు.

మొదలుపెట్టే ముందు కలరీమీటర్ గురించి ఒక మాట. మీరు దాని మీద ఫాస్ఫరస్ అంచనా ప్రాక్టికల్ చేసే ఉంటారు. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో ఇచ్చిన పద్ధతి. అందులో స్టాండర్డ్ కర్వ్ లేకుండా రీడింగ్‌కు అర్థం లేదు. ఇక్కడా అంతే. 600 నానోమీటర్ల ఫిల్టర్‌తో వచ్చే మబ్బుదనాన్ని కణాల సంఖ్యగా మార్చాలంటే హీమోసైటోమీటర్‌లో, అంటే కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలకలో, లెక్కపెట్టి మీ సొంత గీత గీసుకోవాలి. మధ్యలోని 25 గళ్ల చదరం మొత్తం ఘనపరిమాణం మి.లీ.లో పదివేలో వంతు, కాబట్టి అందులో వచ్చిన సంఖ్యను పదివేలతో గుణిస్తే మి.లీ.కు కణాలు. మి.లీ.కు పది లక్షల నుంచి ఇరవై లక్షల కణాలతో ఫ్లాస్కు మొదలుపెట్టండి. అంతవరకే కలరీమీటర్ పని. చచ్చిన కణం కూడా కాంతికి అడ్డమే. సగం ఈస్ట్ చచ్చాక కూడా రీడింగ్ దాదాపు అలాగే నిలబడి ఉంటుంది. ఆయుష్షు కొలవడానికి దాన్ని వాడితే మీ ఈస్ట్ చావు లేనిదని తేలుతుంది.

బతికున్న కణం అంటే ప్లేటు మీద కాలనీ పెట్టగలిగిన కణం. మూడో రోజును, అంటే 72 గంటలను, వంద శాతంగా తీసుకుని అక్కణ్నుంచి రెండు రోజులకోసారి లెక్కపెట్టండి: 3, 5, 7, 9, 11, 13, 15. ప్రతిసారీ ఫ్లాస్కు నుంచి 200 మైక్రోలీటర్లు తీయండి. అందులో 100 మైక్రోలీటర్లు డైల్యూషన్‌కు, అంటే పలచన చేయడానికి, మిగిలింది మైక్రోస్కోపుకూ పీహెచ్ పేపరుకూ. 900 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లలో 100 పోస్తే పదో వంతు. దాన్నుంచి మళ్లీ 100 తీసి తర్వాతి 900లో పోస్తే నూరో వంతు. అలా అయిదు మెట్లు దిగితే లక్షో వంతు. ప్రతి మెట్టుకూ టిప్పు మార్చాలి. మార్చకపోతే టిప్పు గోడకు అంటిన చిక్కని ద్రవం కింది మెట్టుకు చేరుతుంది, చివర వచ్చే సంఖ్య పెరిగిపోతుంది. ప్రతి గొట్టాన్నీ బాగా కలిపిన వెంటనే తీయాలి. ఈస్ట్ బరువు కణం, మీరు పక్కవాళ్లతో మాట్లాడుతుండగానే అడుక్కి దిగిపోతుంది.

మామూలుగా ప్లేటుకు 100 మైక్రోలీటర్లు పరుస్తారు. ఆరు ఫ్లాస్కులు, రెండేసి డైల్యూషన్లు, మూడేసి ప్లేట్లు, ఏడు రోజులు లెక్కేస్తే 252 ప్లేట్లు. ఏ కాలేజీ ఇవ్వదు. మైల్స్, మిశ్రా 1938లో చెప్పిన చుక్కల పద్ధతి వాడండి. ప్లేటు వెనక మార్కర్‌తో ఆరు భాగాలు గీసి, మూడింటిలో ఒక డైల్యూషన్, మూడింటిలో తర్వాతిది, ఒక్కో చుక్క 20 మైక్రోలీటర్లు. మొత్తం 42 ప్లేట్లతో అయిపోతుంది, లీటరు అగార్ చాలు. చుక్కలు పెట్టే ముందు ప్లేట్లను మూత కొంచెం తీసి 37 డిగ్రీల్లో అరగంట ఆరబెట్టాలి. తడి ప్లేటు మీద చుక్కలు జారి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. చుక్క ఇంకేదాకా ప్లేటు కదపొద్దు, తర్వాత బోర్లించండి. ఒకటిన్నర రోజుకు లెక్కపెట్టి, కనిపించిన ప్రతి కాలనీ కింద మార్కర్ చుక్క పెట్టండి. రెండు రోజులకు మళ్లీ చూడండి. ముసలి కణాలు ఆలస్యంగా లేస్తాయి, కొత్తగా వచ్చినవాటిని కలపండి. చుక్కకు 3 నుంచి 30 కాలనీలు ఉన్న డైల్యూషన్‌నే లెక్కకు తీసుకోవాలి.

ఊహించిన అంకెలతో ఒకటి చేసి చూద్దాం. మూడో రోజు, లక్షో వంతు డైల్యూషన్‌లో మూడు చుక్కల్లో 21, 18, 23 కాలనీలు వచ్చాయనుకోండి. మొత్తం 62. మూడు చుక్కలు కలిపి 60 మైక్రోలీటర్లు, అంటే 0.06 మి.లీ. 62ను లక్షతో గుణించి 0.06తో భాగిస్తే మి.లీ.కు 10.33 కోట్ల కణాలు. తొమ్మిదో రోజు పదివేలో వంతులో 17, 14, 20 వచ్చాయి, మొత్తం 51. అదే లెక్కన మి.లీ.కు 85 లక్షలు. 85 లక్షలను 10.33 కోట్లతో భాగిస్తే 8.2 శాతం బతికున్నాయి. ఇక ఆ 62 ఎంత నమ్మదగినది? లెక్కపెట్టిన సంఖ్యకు వర్గమూలం తీయండి, దాదాపు 8. అంటే 62కు అటూ ఇటూ 8, శాతంలో 13. పదహారు కాలనీలే లెక్కపెడితే వర్గమూలం 4, తేడా 25 శాతం. తక్కువ కాలనీల మీద పెద్ద మాటలు చెప్పకూడదన్నది అందుకే.

అర శాతం వరస ఫ్లాస్కుల్లో తిండి తక్కువ కాబట్టి మొదటినుంచీ కణాలు తక్కువే ఉంటాయి. వాటికి లక్షో వంతులో ఆరు చుక్కలూ పెట్టండి, లెక్కకు సరిపడా కాలనీలు దొరుకుతాయి. పోల్చాల్సింది కణాల సంఖ్యను కాదు, ఏ ఫ్లాస్కుకు ఆ ఫ్లాస్కు మూడో రోజుతో వచ్చే శాతాన్ని. మీ మార్గదర్శి ఒప్పుకుంటే ఫ్లాస్కుల మీద గ్లూకోజ్ పేరు రాయకుండా, స్నేహితురాలి చేత ఆరు అంకెలు వేయించండి. ఏది ఏదో చివరిదాకా మీకు తెలియకూడదు. అంటుకున్న రెండు కాలనీలను ఒకటిగా లెక్కించాలా రెండుగానా అన్నప్పుడు, మనకు తెలియకుండానే మనకు కావాల్సిన వైపు మొగ్గుతాం.

నీరు ఆవిరవడం గురించి ప్రాక్టికల్ పుస్తకాలు పెద్దగా చెప్పవు. రెండు వారాలు షేకర్ మీద దూది బిరడాతో ఉన్న ఫ్లాస్కు బాగా నీరు పోగొట్టుకుంటుంది. 50 మి.లీ. 45 అయితే, ఒక్క కణం పుట్టకపోయినా మి.లీ.కు లెక్క 11 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. విరుగుడు తేలికే. నమూనా తీశాక ఫ్లాస్కును బిరడాతో సహా తూచి బరువు దాని మీదే రాయండి. ఉదాహరణకు 142.6 గ్రాములు. రెండు రోజుల తర్వాత నమూనా తీసే ముందు తూస్తే 141.1 ఉందనుకోండి, 1.5 మి.లీ. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, అప్పుడు నమూనా తీయండి. మళ్లీ తూచి కొత్త బరువు రాయండి.

మైక్రోస్కోపు కింద ప్రతిసారీ ఒక చుక్క చూడాలి. 40 ఎక్స్ లెన్సులో ఈస్ట్ గుడ్డు ఆకారంలో, కొన్ని మొగ్గలతో కనిపిస్తుంది. దాని పక్కన అంతకంటే చాలా చిన్న కడ్డీలో చుక్కలో కదులుతుంటే బ్యాక్టీరియా చేరినట్టే, ఆ ఫ్లాస్కును లెక్కలోంచి తీసేసి, తీసేశామని రాయాలి. మిథిలీన్ బ్లూ వేస్తే చచ్చిన కణాలు నీలంగా మిగులుతాయి, బతికున్నవి రంగును పోగొడతాయి. ఈ రంగు లెక్క కాలనీ లెక్క కంటే ఎక్కువ చూపిస్తుంది. ఊపిరి ఉండి ఇక విభజన చెందలేని కణాలు కూడా రంగు పోగొట్టగలవు మరి. రెండూ పక్కపక్కన రాస్తే మీ ప్రాజెక్టుకు అదే మంచి చర్చ.

ఒకరోజు మీ లెక్క తిరగబడవచ్చు. పదకొండో రోజు 1 శాతం, పదమూడో రోజు 6 శాతం వస్తే సంబరపడకండి. చచ్చిన కణాలు పగిలి లోపలి పోషకాలు బయటికొస్తాయి, బతికున్న కొద్దిపాటి కణాలు వాటిని తిని మళ్లీ విభజన మొదలుపెడతాయి. వాటిలో ఆ పరిస్థితికి తట్టుకునే మార్పు వచ్చినవే పైచేయి అవుతాయి. పాత కణాలు కోలుకోలేదు, కొత్తవి పుట్టాయి. అక్కడితో ఆ ఫ్లాస్కు ఆయుష్షు గీతను ఆపేసి, ఎందుకు ఆపామో రాయాలి.

ఇలాంటి పొరపాటే ఆయుష్షు శాస్త్రాన్ని దాదాపు అర్ధశతాబ్దం పక్కదారి పట్టించింది. 1912లో అలెక్సిస్ కారెల్ న్యూయార్క్‌లో కోడిపిల్ల పిండం గుండె ముక్కను గాజుపాత్రలో పెంచడం మొదలుపెట్టారు. అది మూడు దశాబ్దాలకు పైగా పెరుగుతూనే ఉందన్నారు, కోడి అన్నేళ్లు బతకదు కదా. కణానికి చావు లేదని, శరీరంలో ఉండటం వల్లే చస్తుందని అంతా నమ్మారు. 1961లో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలతో చూస్తే అవి యాభై సార్లకు అటూ ఇటూగా విభజన చెంది ఆగిపోయాయి. కారెల్ కణాలకు తిండిగా పోసిన పిండం రసంలోనే తాజా కణాలు ఉండి ఉంటాయని తర్వాతివాళ్లు గట్టిగా అనుమానించారు. మీ ఏడో ఫ్లాస్కులాంటి ఖాళీ పాత్ర ఒకటి పెట్టి అదే రసం పోసుంటే ఆ అనుమానం అప్పుడే తీరేది. హేఫ్లిక్ హద్దు వెనక క్రోమోజోము చివర్లలోని టెలోమియర్లు ఉన్నాయని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. వాటి మీద పనికి బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది.

అన్నీ సరిగ్గా జరిగితే అర శాతం వరస ఎక్కువ రోజులు బతకాలి. అప్పుడు పీహెచ్ పేపరు రాతలు తీయండి. 2 శాతం వరసలో ద్రవం బాగా పుల్లబడి ఉంటుంది. చక్కెర ఎక్కువున్నప్పుడు ఈ ఈస్ట్ ఆల్కహాల్ చేసి, దాన్నుంచి ఎసిటిక్ ఆమ్లం చేసి ఫ్లాస్కులోకి వదులుతుంది. ఇలాంటి మీడియంలో కణాలను త్వరగా చంపేవాటిలో ఆ ఆమ్లం ముఖ్యమైనది. ఓపిక ఉంటే మూడో వరస పెట్టండి: 2 శాతం గ్లూకోజే, కానీ సిట్రేట్ ఫాస్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 6 దగ్గర నిలబెట్టింది. అక్కడ చక్కెర తగ్గించకుండానే ఆయుష్షు పెరగడం చూస్తారు. అంటే మొదటి రెండు వరసల మధ్య తేడాలో పెద్ద వాటా తిండిది కాదు, తన ఆమ్లంలోనే తాను నానడానిది. మనిషి అలా నానడు. రక్తం కదులుతూ ఉంటుంది, కిడ్నీ, ఊపిరితిత్తులు ఆమ్లాన్ని తీసేస్తాయి. కోతుల్లోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. తిండి తగ్గిస్తే ఎక్కువ బతుకుతాయని 2009లో విస్కాన్సిన్ బృందం ప్రకటించింది. తేడా లేదని 2012లో అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ బృందం తేల్చింది. రెండు చోట్లా కోతులకు పెట్టిన తిండి వేరు. విస్కాన్సిన్ మేతలో చక్కెర చాలా ఎక్కువ, పోలిక కోసం పెట్టిన కోతులు కావాల్సినంత తిన్నాయి. తగ్గించినవాటి మేలు ఎంతన్నది, తగ్గించనివాటికి ఏం పెట్టారన్నదాని మీద ఆధారపడింది.

కాబట్టి మీ ఈస్ట్ గ్రాఫు చూపించి నాన్నగారికి క్యాప్సూల్స్ గురించి ఏదీ రుజువు చేయలేరు, అటూ ఇటూ కూడా. దానికి బదులు ఆ వీడియో ఆయనతో కలిసి చూడండి. ఫ్లాస్కుల దగ్గర మీరు మిమ్మల్ని అడుగుకునే ప్రశ్నలే అక్కడా అడగండి. ఏ జీవి మీద చేశారు? వేసుకోనివాళ్లు ఎవరు, వాళ్లకేం ఇచ్చారు? ఎంతమంది? లెక్కపెట్టినవాళ్లకు ఎవరు ఏది వేసుకున్నారో తెలుసా? కొలిచింది బతికిన ఏళ్లా, రక్తంలో ఒక అంకెనా? "మీ శరీరం వయసు పదేళ్లు తగ్గింది" అని డీఎన్‌ఏ పరీక్ష రిపోర్టు చూపిస్తే, అదే రక్తం నమూనాను రెండుసార్లు పరీక్షించారా అని అడగండి. ఆ పరీక్షల్లో కొన్ని ఒకే నమూనాకు కొన్ని ఏళ్ల తేడా చూపిస్తాయి. ఆయన మిమ్మల్ని మీ చదువు చూసి గౌరవిస్తారు కాబట్టి, వద్దని వాదించడం కంటే ఇలా పక్కన కూర్చోవడం ఎక్కువ పనిచేస్తుంది. ఈలోగా ఆయన క్యాప్సూల్స్ తెప్పించేసుకుంటే ఆ డబ్బాను షుగర్ డాక్టరుగారికి చూపించకుండా మాత్రం తెరవనివ్వకండి.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. ప్యాకెట్ ఈస్ట్‌తో ఒక్క ఫ్లాస్కు పెంచి, దాన్నుంచే మూడుసార్లు మొదటినుంచీ డైల్యూషన్ చేసి చుక్కలు పెట్టండి. మూడు లెక్కలూ ఒకదానికొకటి అయిదో వంతు లోపు తేడాతో వచ్చేదాకా అసలు ప్రయోగం మొదలుపెట్టొద్దు. తేడా ఎక్కువ వస్తే ముందు పిపెట్‌ను అనుమానించండి. తక్కెడ మీద చిన్న బీకరు పెట్టి 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు పోసి తూస్తే మొత్తం ఒక గ్రాము రావాలి. పిపెట్ సరిగా ఉంటే, కలపడంలో తొందరపడుతున్నారన్నమాట. లెక్క అయిపోయిన ప్లేట్లనూ ఫ్లాస్కులనూ ఆటోక్లేవ్ చేశాకే పారేయండి.